ముప్పై ఒక్క రోజుల నెల

మన పత్రికలో ఆవకాయ పాళ్ళూ, ఉగాది కార్యక్రమాలూ, వధూవరుల వివరాలూ చదవడానికి అలవాటుపడినవారికి ఈ నెల నేను కంప్యూటరు సంగతి ఒకటి చెప్పబోతున్నాను. విసుక్కోకండి. ఇది తల్లీ పిల్లల కథే. పైగా మన దేవనహళ్ళిలో జరిగిన కథ. ఏభైమంది కష్టజీవుల జీతాలు ఇందులో చిక్కుపడి ఉన్నాయి గనుక ఇంట్లో అందరికీ అర్థమయ్యేటట్టు చెప్పాలనే నా ప్రయత్నం.

మా ఊరి పేరు చెబితే పైవారికి రెండు సంగతులు గుర్తుకు వస్తాయి. ఒకటి, టిప్పు సుల్తాను పుట్టిన ఊరని. రెండు, 2008లో విమానాశ్రయం వచ్చిన ఊరని. చకోతపండ్ల పేరెత్తేవారు బాగా తగ్గారు; తోటలుండిన చోట లేఔట్లు లేచాయి. విమానాశ్రయం వచ్చిన తరువాత గేట్ల దగ్గర కాపలాకూ, గిడ్డంగుల్లో సామాను దించడానికీ, అద్దాల మేడలు తుడవడానికీ మనుషులు కావలసివచ్చారు. విజయపుర, ఆవతి, బూదిగెరె వైపునుంచి కొందరు, హిందూపురం, మడకశిర, మదనపల్లె నుంచి కొందరు వచ్చి చేరారు. అటువంటివారిని కుదిర్చి పంపే ఆఫీసు ఒకదానిలో నేను గుమాస్తాను. హాజరు పట్టీలు, జీతాల పట్టీలు, బ్యాంకుకు పోయే జాబితా అన్నీ నా బల్లమీదుగానే పోతాయి. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, ఆఫీసు కాగితం మీద ఇంగ్లీషు. నా ఇంగ్లీషు ఎస్.ఎస్.ఎల్.సి. దగ్గర ఆగిన ఇంగ్లీషు. నిఘంటువు పక్కన పెట్టుకొంటే నడుస్తుంది.

జీతాల పట్టీ తయారుచేసేది మా ఆఫీసులో ఒక చిన్న ప్రోగ్రాము. పెర్ల్ అనే భాషలో వ్రాసినది. ఆ భాషను 1987లో లారీ వాల్ అనే అమెరికా దేశస్థుడు బయటపెట్టాడు. ఆయన భాషాశాస్త్రం చదువుకొన్న మనిషి. అందుచేతనే కాబోలు, అందులో ఒకే మాటను నాలుగు విధాలుగా చెప్పుకొనే వెసులుబాటు ఉంది, మన ఇళ్ళలో మాదిరి. ఈనాటి కుర్రవాళ్ళు దానిని పాతచింతకాయ పచ్చడి అంటారు. అననివ్వండి. పాతచింతకాయ పచ్చడి విలువ జ్వరం వచ్చి లేచినవాడికి తెలుస్తుంది. మా ప్రోగ్రాము వ్రాసినాయన ఏనాడో వేరే ఊరు వెళ్ళిపోయాడు. ప్రోగ్రాము మాత్రం ప్రతినెలా మొదటి తేదీ రాత్రి తన పని తాను చేసుకుపోతూ ఉండేది.

అది పనిచేసే తీరు చెబుతాను. మా మనుషులు ఐదు చోట్ల ఉన్నారు. ప్రోగ్రాము మొదలుపెట్టగానే ఒక పెద్ద పని లేస్తుంది. దానిని ఇంగ్లీషులో 'పేరెంట్ ప్రాసెస్' అంటారు. పేరెంట్ అంటే తల్లీ కావచ్చు, తండ్రీ కావచ్చు; మనవాళ్ళు మాతృభాష, మాతృసంస్థ అన్నారు గనుక నేను తల్లి అంటాను. ఈ తల్లి ఒక్కొక్క చోటికి ఒక్కొక్క పిల్లను పుట్టిస్తుంది. ఆ పిల్ల తనకు అప్పగించిన చోటి హాజరు పుస్తకం చదివి, రోజువారీ వరుసలు సరిచూచి, తల్లికి అందిస్తుంది. తల్లి అన్నిటినీ కూర్చి బ్యాంకు జాబితా చేస్తుంది.

పిల్లను పుట్టించే పిలుపు పేరు ఫోర్క్. మెల్విన్ కాన్వే అనే ఆయన 1963లో అచ్చువేసిన వ్యాసంలో ఈ ఆలోచన కనిపిస్తుంది. 1969లో బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టిన యూనిక్సు దానిని వాడుకలో పెట్టింది. పెర్ల్ యూనిక్సు ఇంట పెరిగిన బిడ్డ, కనుక అదే ఆచారం. అయితే ఈ పుట్టుక మనుషుల పుట్టుక వంటిది కాదు, అరటిపిలక వంటిది. పిలక లేచిన క్షణాన తల్లికి తెలిసినదంతా పిల్లకూ తెలిసి ఉంటుంది. ఏ పుస్తకం తెరిచి ఉన్నదీ, ఏ పేరుక్రింద ఏ అంకె ఉన్నదీ, ప్రోగ్రాములో తాను ఏ వరుస దగ్గర నిలబడి ఉన్నదీ, అన్నీ తెలుసు. మరి తల్లెవరో పిల్లెవరో గుర్తుపట్టడమెలా? ఫోర్క్ తల్లి చేతికి పిల్ల నంబరు ఇస్తుంది, పిల్ల చేతికి సున్న ఇస్తుంది. సున్న చేతికి వచ్చినవాడు 'ఓహో, నేను పిల్లను' అనుకొని పిల్ల పనికి పోతాడు. ఒకవేళ యంత్రంలో చోటు చాలక పుట్టుకే కుదరకపోతే తల్లి చేతికి ఏమీ రాదు, ఖాళీ. ఆ ఖాళీకీ సున్నకూ తేడా చూడకుండా వ్రాసిన ప్రోగ్రాములో తల్లి తానే పిల్లననుకొని పిల్ల పని మొదలుపెట్టి కూర్చుంటుంది. నవ్వకండి, నిజమే.

పుట్టిన మరుక్షణం నుంచి ఎవరి దారి వారిది. నాకు మొదట కొరుకుడుపడనిది ఇక్కడే. పిల్ల తన దగ్గర ఉన్న అంకెను మార్చితే తల్లి దగ్గర ఉన్న అంకె మారదు. పిల్ల రాత్రంతా కూర్చొని కూడిన మొత్తం పిల్ల దగ్గరే ఉంటుంది. పిల్ల ముగియగానే దానితోపాటే పోతుంది. తల్లి దగ్గర సున్న సున్నగానే నిలిచి ఉంటుంది. అదే పేరు, అదే పెట్టె, కాని పెట్టెలు రెండు. నోరు తెరిచి చెబితే తప్ప ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

చెప్పుకోవడానికే గొట్టం. ఇంగ్లీషులో పైప్. బెల్ ప్రయోగశాలలోనే డగ్ మెక్‌ఇల్రాయ్ అనే ఆయన 1964లో, తోటకు నీళ్ళుపెట్టే రబ్బరు గొట్టాలను ఒకదానికొకటి బిగించినట్టు ప్రోగ్రాములను బిగించే వీలుండాలని వ్రాసిపెట్టాడు. తొమ్మిదేళ్ళపాటు ఆయన అడుగుతూ ఉండగా, 1973లో థాంప్సన్ దానిని యూనిక్సులో అమర్చాడు. మన వైపు వారికి గొట్టం సంగతి వేరే చెప్పనక్కరలేదు. బెంగళూరులో వాడి, శుద్ధిచేసిన నీళ్ళను హెబ్బాళ-నాగవార లోయ పథకంలో గొట్టాలలో మా దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం వైపు చెరువులకు పంపుతున్నారు గదా. నీళ్ళు అటునుంచి ఇటే వస్తాయి, ఇటునుంచి అటు పోవు. ఈ గొట్టమూ అంతే. దీనికి రెండు కొసలు. ఒక కొసలో పోయాలి, రెండో కొసలో పట్టుకోవాలి. ఇద్దరూ మాట్లాడుకోవాలంటే రెండు గొట్టాలు వేసుకోవాలి.

గొట్టాన్ని పిల్ల పుట్టకముందే వేయాలి. పుట్టిన తరువాత వేస్తే అది తల్లి ఇంట్లోనే ఉంటుంది, పిల్లకు అందదు. ముందే వేస్తే పిలకతో పాటు రెండు కొసలూ పిల్ల చేతికి కూడా వస్తాయి. అప్పుడు పిల్ల పట్టుకొనే కొసను మూసివేయాలి, తల్లి పోసే కొసను మూసివేయాలి. ఈ రెండవది మరచిపోతే వచ్చే తంటా విచిత్రమైనది. గొట్టంలో ఇంక ఏమీ రాదని పట్టుకొనేవాడికి ఎప్పుడు తెలుస్తుంది? పోసే కొస ఎవరి చేతిలోనూ లేనప్పుడు. తల్లి తన చేతిలోనే ఒక పోసే కొస పట్టుకొని ఉంటే, పిల్ల పని ముగించి వెళ్ళిపోయినా, 'ఇంకా ఎవరో పోస్తారేమో' అని తల్లి ఎదురుచూస్తూనే ఉంటుంది. ఆ ఎవరో తానే! మా ప్రోగ్రాము వ్రాసినాయన ఈ సంగతి మరువలేదు. కొసలన్నీ చక్కగా మూశాడు. ఆయన బొత్తిగా తెలియనివాడు కాదని చెప్పడానికే ఇంత చెప్పాను.

ఇక అసలు కథ. 2023 జూన్ వరకు మా రెండవ చోట 48 మంది ఉండేవారు. జూలైలో ముగ్గురు కొత్తవారు చేరి 51 అయ్యారు. ఆగస్టు 1వ తేదీ రాత్రి ప్రోగ్రాము మొదలయింది. ఉదయం వచ్చి చూస్తే ఇంకా నడుస్తూనే ఉంది. మధ్యాహ్నమయింది, అలాగే ఉంది. తప్పు జరిగిందని ఒక్క మాట లేదు, కేక లేదు, యంత్రం వేడెక్కిందీ లేదు. మా కంప్యూటర్లు చూచే కుర్రవాడు బెంగళూరు నుంచి మూడోరోజు వచ్చి, దాన్ని బలవంతాన ఆపి, మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అక్కడే నిలిచింది. చివరకు రెండవ చోటి లెక్క చేత్తో కూడి టైపుచేశాం. 7వ తేదీలోగా పడవలసిన జీతాలు 9న పడ్డాయి. బ్యాంకు జాబితా అంతా ఒకటే గనుక ఐదుచోట్ల వారికీ ఆలస్యమే.

ఆగస్టు జీతాలప్పుడూ అదే తంతు. కుర్రవాడు యంత్రం పాతబడిందన్నాడు, జ్ఞాపకశక్తి చాలదన్నాడు, కొత్త ర్యామ్ వేయించాడు. సెప్టెంబరు జీతాల పట్టీ అక్టోబరు 1న రెండు నిమిషాల్లో ముగిసింది. అందరూ ర్యామ్ మహిమ అన్నారు. అక్టోబరు జీతాలకు మళ్ళీ నిలిచింది. దీపావళి 12వ తేదీ, జీతాలు 9న పడ్డాయి. అదీ సరిగా పడలేదు. రాత్రి పొద్దుపోయేవరకు చేత్తో చేసిన లెక్క. హిందూపురం నుంచి వచ్చి తుడిచే పనిలో ఉన్న ఒకామె నా బల్ల దగ్గరకు వచ్చి నిలబడింది.

"అన్నా, ఇరవై ఆరు దినాలు పని చేస్తే ఇరవై దినాలకే పడిండాదన్నా."

"చూస్తానమ్మా, పట్టీ తెప్పిస్తాను."

"పిల్లోని హాస్టలు ఫీజు కట్టల్లన్నా. పోయినసారి కూడా గడువు దాటిపోయింది."

మేనేజరుగారికి చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు, కాని ఆ సాయంత్రం ఆయన బల్లమీద అటువంటి కాగితాలు పాతిక ఉన్నాయి. "ముందిన తింగళు అడ్జస్ట్ మాడోణ బిడి" అన్నారు. ఆరు రోజుల కూలి అంటే నెలసరి జీతగాళ్ళకు అంకె. ఆమెకు అది బియ్యం. ముందిన తింగళు వచ్చింది, పోయింది. ఆమె దగ్గర రుజువేముంది? హాజరు పుస్తకంలో 6 అంకె సున్నలాగే కనిపిస్తోంది.

నవంబరులో రెండవ చోట ఇంకొకరు చేరి 52 అయ్యారు. మనుషులు పెరిగారు గనుక ఈసారి తప్పక నిలుస్తుందని అందరమూ చేత్తో లెక్క కట్టడానికి సిద్ధంగా ఉన్నాం. నిలువలేదు. డిసెంబరు, జనవరి జీతాలకు నిలిచింది. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం నేను డైరీలో తేదీలు వరుసగా వ్రాసి చూచాను. నిలిచినవి జూలై, ఆగస్టు, అక్టోబరు, డిసెంబరు, జనవరి. పోయినవి సెప్టెంబరు, నవంబరు. పిడికిలి బిగించి కణుపులమీద నెలలు లెక్కపెట్టే పిల్లవాడికైనా తెలుస్తుంది, నిలిచినవన్నీ 31 రోజుల నెలలు. ఫిబ్రవరి 29 రోజులది గనుక పోవాలి. పోయింది. తరువాత వచ్చేది మార్చి, దాని వెనుకనే ఏప్రిల్ 9న ఉగాది.

పెర్ల్‌లో ఒక మంచి గుణం ఉంది. దాని పాఠ్యపుస్తకం కూడా దానితోపాటు యంత్రంలోనే ఉంటుంది. పెర్ల్‌డాక్ అని కొట్టి కావలసిన మాట అడిగితే విప్పి చెబుతుంది. తల్లీ పిల్లల సంభాషణకు పెర్ల్‌ఐపీసీ అనే పేరుతో ఒక అధ్యాయమే ఉంది. దాన్ని ముద్రించుకొని నిఘంటువుతో నాలుగు ఆదివారాలు కూర్చున్నాను. మా ప్రోగ్రాముకు నకలు తీసి, దొంగపేర్లతో హాజరు పుస్తకాలు చేసి పరీక్షించాను. 50 మందికి 31 రోజులు, పోయింది. 51 మందికి 31 రోజులు, నిలిచింది. 52 మందికి 30 రోజులు, పోయింది. మనిషికి రోజుకొక వరుస, వచ్చినా రాకపోయినా. 52ను 30తో గుణిస్తే 1,560 వరుసలు. దానికి ఒక్క వరుస చేర్చాను. 1,561 అయింది. నిలిచింది!

ఒక్కొక్క వరుసకు కంటికి కనబడని చివరి గుర్తుతో సహా 42 అక్షరాలు. 1,560 వరుసలకు 65,520. 1,561కి 65,562. ఈ రెంటికీ మధ్య ఏముందో లైనక్సు పుస్తకంలో గొట్టం గురించి వ్రాసినచోట దొరికింది. గొట్టం పట్టేది 65,536 అక్షరాలు. 64ను 1,024తో గుణించిన అంకె అది. లైనక్సు 2.6.11కు ముందైతే 4,096 మాత్రమే పట్టేదట. అంటే నవంబరు నెల పదహారు అక్షరాల తేడాతో గట్టెక్కింది. ఆ పదహారు అక్షరాలలో మన పేర్లు రెండు పట్టవు. మా పట్టీ ఇంగ్లీషు అక్షరాలలో ఉంది గనుక ఇంతమాత్రమైనా నడిచింది. తెలుగులో వ్రాసి ఉంటే ఇప్పటి పద్ధతిలో ఒక్కొక్క గుర్తుకు మూడేసి చొప్పున పట్టేవి, గొట్టం ఏనాడో నిండిపోయేది.

గొట్టం నిండితే ఏమవుతుంది? అవతల ఎవరైనా కొంత పట్టుకొని చోటు చేసేదాకా పోసేవాడు ఆగుతాడు, అంతే. తప్పేమీ లేదు. మరి మా తల్లి ఏం చేస్తోంది? పిల్లను పుట్టించి, 'అది పని ముగించనీ, తరువాత గొట్టంలో ఉన్నది తాపీగా చదువుకొంటాను' అని వెయిట్‌పిడ్ అనే పిలుపుమీద కూర్చుంది. పిల్ల ఏమో, 'అమ్మ కొంచెం పట్టుకొంటే గాని మిగిలింది పోయలేను, మిగిలింది పోయనిదే పని ముగించలేను' అని గొట్టం దగ్గర నిలబడింది. పెళ్ళిపంక్తిలో వియ్యంకులిద్దరూ 'మీరు ముందు' అంటే 'మీరు ముందు' అని విస్తళ్ళ ముందు నిలబడిపోయినట్టు ఇద్దరూ నిద్రాస్థితిలో తెల్లవార్లూ నిలబడ్డారు. యంత్రం వేడెక్కకపోవడానికి కారణం అదే. ఎవరూ పని చేయడంలేదు. దానికి ర్యామ్ వేసి ఏం లాభం? అసలు వ్యాధి ఇదీ అని అడగకుండా మందు మార్చే వైద్యం మన కంప్యూటరు శాఖలో ఎక్కువైంది.

ప్రోగ్రాము వ్రాసినాయన దానిని వ్రాసిన నాటికి ఆ చోట 12 మంది ఉండేవారని పాత పట్టీల్లో చూచాను. నెలకు పదిహేను పదహారువేల అక్షరాలు. గొట్టంలో పాతిక వంతైనా నిండేది కాదు. పిల్ల మొత్తం పోసి వెళ్ళిపోయిన తరువాత తల్లి నింపాదిగా చదివినా నడిచేది. సంసారం చిన్నదైనప్పుడు ఏ పద్ధతైనా నడుస్తుంది. ఆయనను తప్పు పట్టడానికి నాకు మనస్కరించదు.

మరమ్మతు రెండు వరుసల పని. చదవడం ముందు, ఎదురుచూడడం తరువాత. తల్లి గొట్టం దగ్గరే కూర్చొని, వస్తూ ఉన్నదాన్ని వస్తున్నట్టే పట్టుకొంటుంది. పిల్ల ముగించగానే పోసే కొస మూతపడుతుంది, ఇంక రాదని తల్లికి తెలుస్తుంది, అప్పుడు వెయిట్‌పిడ్. వరుసలు అటుదిటు మార్చడమే, కొత్తగా వ్రాసింది ఒక్క అక్షరం లేదు.

కాని ఆఫీసులో రెండు వరుసలు మార్చడం అంత సులభమా? మేనేజరుగారు సందేహించారు. గుమాస్తా ప్రోగ్రాము ముట్టుకొంటే రేపు ఆడిటుకు ఎవరు జవాబు చెప్పాలి? న్యాయమైన ప్రశ్నే. నకలు ప్రోగ్రాములో నిలిచిపోయిన ఐదు నెలల హాజరు పుస్తకాలు వేసి, వచ్చిన జాబితాలను అప్పుడు చేత్తో చేసి పంపిన జాబితాలతో పోల్చి చూపిస్తానన్నాను. సరేనన్నారు. పోల్చాము. ఐదు నెలల్లో ముగ్గురి దగ్గర తేడా కనబడింది. ఒకరికి రెండు రోజులు ఎక్కువ పడింది. ఒకరికి ఒకరోజు తక్కువ. మూడవది హిందూపురం ఆమెది, అక్టోబరులో 26కు 20. హాజరు పుస్తకంలో సంతకాలు లెక్కపెడితే ఇరవై ఆరూ ఉన్నాయి. అంకె గీచిన చెయ్యి తొందరపడింది, టైపుచేసిన చెయ్యి చీకటిలో చూచింది. మేనేజరుగారు ఆ కాగితం చాలాసేపు చూచి, "ఇది మార్చిలో కలపండి" అని సంతకం పెట్టారు. ఎక్కువ పడినవాడి సంగతి ఎత్తవద్దన్నారు.

ఆ నకలు పరీక్షలోనే ఇంకొక సంగతి బయటపడింది. దినచర్య పుస్తకంలో, అంటే ప్రోగ్రాము తనకు తాను వ్రాసుకొనే పుస్తకంలో, అక్కడక్కడ 256 అని ఉంది. దాన్ని చూచి మా కుర్రవాడు 256 తప్పులున్నాయన్నాడు. కాదు. పిల్ల వెళ్ళిపోతూ తల్లికి ఒక చిన్న అంకె చెప్పి వెళుతుంది, 0 నుంచి 255 లోపు. సున్న అంటే పని సవ్యంగా ముగిసింది. మరేదైనా అయితే ఏదో అడ్డం వచ్చింది. తల్లి ఎదురుచూచి లేచాక పెర్ల్ ఆ అంకెను డాలరు గుర్తూ ప్రశ్న గుర్తూ కలిపిన పెట్టెలో పెడుతుంది, కాని ఉన్నదున్నట్టు కాదు, 256తో గుణించి. క్రింది భాగంలో ఎవరైనా పిల్లను మధ్యలో చంపారా అనే సమాచారం పెట్టవలసి ఉంటుంది గనుక ఈ ఏర్పాటు. కాబట్టి 256 అంటే ఒకటి. నాలుగవ చోటి పిల్ల రెండు మూడుసార్లు 'హాజరు పుస్తకంలో ఒక వరుస చదవలేకపోయాను' అని చెప్పి వెళ్ళింది. తల్లి విని పుస్తకంలో వ్రాసుకొని, ఆ వరుస లేకుండానే జాబితా ముగించి, 'సంపూర్ణం' అని అచ్చువేసింది. వినడం వేరు, పట్టించుకోవడం వేరు. ఇప్పుడు సున్న కానిది ఏది వచ్చినా జాబితా తయారుకాకుండా ఆగి, ఏ చోటో పేరు చెబుతుంది.

ఐదుగురు పిల్లలనూ ఒకేసారి పనిలో పెడితే తొందరగా ముగుస్తుంది గదా అని మేనేజరుగారు అడిగారు. పెట్టవచ్చు. అప్పుడు ఎవరు ఎప్పుడు ముగించారో తెలియడానికి సంకేతం ఒకటి ఉంది, పిల్ల ముగియగానే తల్లికి వస్తుంది. అది మన మిస్డ్ కాల్ వంటిది. మా అమ్మాయి మైసూరు చేరగానే ఒక రింగు ఇచ్చి పెట్టేస్తుంది. చేరిందని తెలుస్తుంది, అన్నం తిన్నదో లేదో తెలియదు. పైగా ఈ సంకేతాలు వరుసకట్టి నిలబడవు. ముగ్గురు పిల్లలు ఒక్కసారే రింగు ఇస్తే తల్లికి ఒకటే వినిపించవచ్చు. అందుచేత రింగు వచ్చినప్పుడల్లా తల్లి, 'ఇంకెవరైనా ముగించారా, ఇంకెవరైనా?' అని ఎవరూ లేరనేదాకా అడగాలి. అడగకపోతే ముగిసిన పిల్ల పేరు యంత్రం పట్టీలో అలాగే ఉండిపోతుంది. చనిపోయినవారి పేరు రేషను కార్డులో ఉండిపోయినట్టు. ఇంగ్లీషువాళ్ళు దానికి దయ్యం పేరు, జోంబీ అని పెట్టారు. తల్లే ముందు పోతే, మిగిలిన పిల్లలను సాధారణంగా ఒకటో నంబరు పని దత్తు తీసుకొంటుంది. ఆ ఏర్పాటు నాకు నచ్చింది. కాని రెండు నిమిషాల పనిని అర నిమిషం చేయడానికి ఇంత సంసారం నెత్తికెత్తుకోవడం దేనికని ఒకరి తరువాత ఒకరినే ఉంచాము.

2024 ఏప్రిల్ 1వ తేదీ రాత్రి నేను ఆఫీసులోనే ఉన్నాను. రెండవ చోటికి 1,612 వరుసలు, 67,704 అక్షరాలు. రెండు నిమిషాలకు లోపలే జాబితా వచ్చింది. 5వ తేదీన జీతాలు పడ్డాయి. హిందూపురం ఆమెకు ఆరు రోజుల బాకీ కూడా అందులోనే పడింది. ఆమె బల్ల దగ్గరకు వచ్చి బ్యాంకు సందేశం చూపించి, "ఇది నాదేనా అన్నా? ఎక్కువ పడిందని మళ్ళా పట్టుకోరు కదా?" అని అడిగింది. నీదేనమ్మా, అక్టోబరుదని చెప్పాను. హాస్టలువారు అపరాధ రుసుము వేశారట, అది మాత్రం ఏ పద్దులోనూ రాదు.

మే నెలలో ఆరవ చోటు వచ్చింది, 70 మంది. ముప్పై ఒక్క రోజులకు 91,140 అక్షరాలు. జూన్ 1వ తేదీ రాత్రి నేను ఆఫీసులో ఉండవలసిన అవసరం కలగలేదు.